ఆట ఒకరిది, బొమ్మ ఒకరిది

మా మామగారు సినిమా హాల్లో కూర్చుని పదేళ్ళు దాటింది. కుర్చీ మెత్తగా ఉంటే నిద్రొస్తుందనీ, చప్పుడు ఎక్కువైతే నిద్ర పట్టదనీ, ఈ రెండింటినీ ఒకేచోట పెట్టి డబ్బు పుచ్చుకునే వాళ్ళని ఏమనాలో తెలీదనీ ఆయన వాదం. అలాంటి మనిషి 2024 ఏప్రిల్లో ఒకరోజు పేపరు మడిచి పక్కన పెట్టి, "రహీం సాబ్ మీద సినిమా తీసిన్రట. చూపిస్తవా అమ్మా?" అని నోరు తెరిచి అడిగారు. నేను కాపురానికొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో ఆయన నన్నడిగినవి మంచినీళ్ళూ, కళ్ళజోడూ తప్ప మూడోది లేదు. అంచేత ఆ ఆదివారం మియాపూర్‌లో ఇంటికి తాళం పెట్టి అందరం బయల్దేరాం.

సినిమా పేరు "మైదాన్". మన హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం భారత ఫుట్‌బాల్ జట్టుకి గురువై, 1962లో జకార్తా ఏషియాడ్ నుంచి బంగారు పతకం తెచ్చిన కథ. అజయ్ దేవగణ్ వేశాడు. మామగారు మూడు గంటలూ నిద్రపోలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కుర్చీలో కూలబడి, "మంచిగనే తీసిన్రు. గని ఇది వేషం గద. అసలు ఆట ఎక్కడన్న దొరుకుతదా? నేను చూసింది?" అన్నారు.

ఆయన పుట్టి పెరిగింది సుల్తాన్ బజార్‌లో. పదేళ్ళ వయసులో టిక్కెట్టుకి డబ్బుల్లేక గోడెక్కి ఫతే మైదాన్‌లో సిటీ పోలీసు జట్టు ఆడుతుంటే చూసేవారట. ఆ జట్టు అల్లాటప్పా జట్టు కాదు. రహీం చేతికింద తయారై, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు ఇంకొకరికి ఇవ్వకుండా తెచ్చుకున్న జట్టు.

ఇంటర్ చదివే మా అమ్మాయి "ఇదెంత పని తాతా" అంటూ ఫోను తీసింది. గంటసేపు వెతికింది. నిలబడ్డ ఫోటోలు దొరికాయి, మాటలు దొరికాయి, ఎవరెవరో చెప్పుకున్న జ్ఞాపకాలు దొరికాయి. కదిలే బొమ్మ మాత్రం అక్కడో ముక్కా ఇక్కడో ముక్కా. మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా ఒక్క ఆటా మాకు దొరకలేదు. విసుగొచ్చి ఊరికే ఒలింపిక్స్ అని కొట్టేసరికి 1936 నాటి బెర్లిన్ ఊడిపడింది! మూడున్నర గంటల పైచిలుకు సినిమా, నిన్న తీసినట్టుంది. పరిగెత్తేవాడి పిక్కల్లో నరాలు కనిపిస్తున్నాయి, ఈత కొట్టేవాళ్ళ చుట్టూ నీటి బుడగలు కనిపిస్తున్నాయి.

"ఇరవై ఆరేళ్ళ ముందు ఆడినోళ్ళు గింత సాఫ్‌గ కనిపిస్తున్నరు. మనోళ్ళు ఏమైన్రు?" అన్నారు మామగారు.

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే నాకు తగిలినది ఒక ఆడమనిషి. పేరు లెనీ రీఫెన్‌స్టాల్. మొదట నాట్యకత్తె, తర్వాత సినిమా తార, ఆ తర్వాత దర్శకురాలు. ఆడవాళ్ళు కెమెరాకి ముందే గానీ వెనకాల నిలబడని రోజుల్లో, ముప్ఫయ్యేళ్ళు దాటీ దాటకుండా వందలమంది మగవాళ్ళ మీద పెత్తనం చేసింది. ఇంతవరకూ చదివితే మనకి ఛాతీ ఉప్పొంగుతుంది కదూ! కానీ ఆవిడకి ఆ పెత్తనం ఇచ్చినవాడు హిట్లర్.

బెర్లిన్ ఒలింపిక్స్ కోసం ఆవిడ చేసిన హంగామా అంతా ఇంతా కాదు. దూకేవాళ్ళు ఆకాశం మీదకి ఎగిరినట్టు కనపడాలని మైదానంలో గోతులు తవ్వించి, కెమెరామేన్లని అందులో దింపింది. పట్టాలు వేసి కెమెరాని పరుగెత్తించింది. నీళ్ళ అడుగున పనిచేసే కెమెరా, బెలూన్‌కి కట్టిన కెమెరా కూడా వాడింది. ఖర్చయిన ఫిల్ము నాలుగు లక్షల మీటర్లు! దాన్ని కత్తిరించి అతికించడానికి ఏడాదిన్నర పైన పట్టింది. ఇవాళ మనం టీవీలో ఆటలు ఏ పద్ధతిలో చూస్తున్నామో, అందులో సగం ఆవిడ పెట్టిన ఒరవడే.

ఇక డాక్యుమెంటరీ అంటే ఉన్నదున్నట్టు చూపించేది అనుకునే అమాయకులకి ఇంకో ముచ్చట. గెడతో ఎత్తు దూకే పోటీ సాగిసాగి చీకటి పడిపోయింది, బొమ్మ సరిగ్గా రాలేదు. మర్నాడు రాత్రి ఆ గెలిచిన అమెరికా అబ్బాయినీ, ఇద్దరు జపాను అబ్బాయిల్నీ మళ్ళీ రప్పించి, దీపాలు పెట్టి, మళ్ళీ దూకించి తీసుకుంది. పెళ్ళివాళ్ళు ఫోటోగ్రాఫరు కోసం తలంబ్రాలు రెండోసారి పోసినట్టు!

ఒలింపిక్ జ్యోతిని ఊరూరా పరుగెత్తిస్తూ తెచ్చే ఆచారం గ్రీకుల కాలం నుంచీ ఉందని నేను మొన్న మొన్నటి దాకా అనుకున్నాను. కాదట. అదీ 1936లో బెర్లిన్ వాళ్ళు మొదలుపెట్టిందే. కాగడాలు చేసిపెట్టింది ఫిరంగులు పోసే క్రుప్ కంపెనీ. మూడువేల మందికి పైగా చేతులు మారుతూ ఆ నిప్పు గ్రీసు నుంచి బల్గేరియా, యుగోస్లావియా, హంగరీ, ఆస్ట్రియా, చెకొస్లొవేకియా మీదుగా బెర్లిన్ చేరింది. తర్వాత అయిదేళ్ళు తిరక్కుండా ఆ దారిలో ఉన్న దేశాలన్నీ జర్మనీ సైన్యం కిందకో, దాని పంచకో చేరాయి.

ఆటలు మొదలవడానికి రెండు వారాల ముందు బెర్లిన్ వీధుల్లోని జిప్సీ కుటుంబాలని పోలీసులు పోగుచేసి ఊరి చివర మార్జాన్ అనేచోట పడేశారు. యూదుల్ని తిట్టే బోర్డులు కొన్నాళ్ళపాటు దించేశారు. ఊరికి కాస్త దూరంలో అదే వేసవిలో జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరం కట్టడం మొదలైంది. అవేవీ లెనీ కెమెరాకి అందలేదు. ఒకటిన్నర మిలియన్ మార్కుల పెట్టుబడి ప్రచార శాఖది. ప్రభుత్వం పేరు బయటికి రాకూడదని ఆవిడ పేర ఒక కంపెనీ పెట్టించారు. 1938 ఏప్రిల్ 20న, హిట్లర్ పుట్టినరోజున, సినిమా విడుదలైంది. పేరు "ఒలింపియా".

చిత్రమేమిటంటే, ఆ సినిమాలో మన కళ్ళు అతుక్కుపోయేది జెస్సీ ఓవెన్స్ అనే నల్ల కుర్రాడికి. నాలుగు బంగారు పతకాలు. తెల్లజాతే గొప్పదని చాటడానికి పెట్టిన సభలో, వాళ్ళ డబ్బుతో, వాళ్ళ కెమెరాలో ఆ కుర్రాడు నిలిచిపోయాడు. హిట్లర్ అతనికి చెయ్యివ్వలేదని మనం చిన్నప్పుడు కథలుగా చదువుకున్నాం. అసలు సంగతి, మొదటిరోజు తర్వాత ఆయన బహిరంగంగా ఎవరికీ చెయ్యివ్వలేదు. ఓవెన్స్ మటుకు తర్వాత, తనని చిన్నచూపు చూసింది హిట్లర్ కాదనీ, తన దేశపు అధ్యక్షుడు ఒక్క టెలిగ్రాం కూడా ఇవ్వలేదనీ చెప్పుకున్నాడు.

మన హాకీ వాళ్ళు కూడా ఉన్నారందులో. 1936 ఆగస్టు 15న ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1తో చిత్తుచేసింది. ఆ ఆటకి ముందు మన ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో కాంగ్రెసు త్రివర్ణ పతాకం తీసి, గుట్టుగా దణ్ణం పెట్టుకున్నారని ధ్యాన్‌చంద్ తన ఆత్మకథలో రాశాడు. బయట ఎగిరింది తెల్లదొరల జెండా. ఆ గదిలోకి ఏ కెమెరా వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే ఎంత బాగుండేదో అని నేనూ, వెళ్ళి ఉంటే ఆ జెండా తీసేవాళ్ళే కాదని మావారూ కాసేపు వాదించుకున్నాం. ఆయనే గెలిచారనిపిస్తోంది, ఇంట్లో ఒప్పుకోలేదనుకోండి.

లెనీ చివరిదాకా తనకి రాజకీయం తెలీదనీ, అందం ఒక్కటే తెలుసనీ అంటూనే ఉంది. తర్వాత తీసిన ఇంకో సినిమాలో జనం వేషాలకి శిబిరాల్లో బందీలుగా ఉన్న జిప్సీలను తెప్పించుకుంది. వాళ్ళలో చాలామందిని ఆష్విట్జ్ పంపేశారు. ఆవిడ మాత్రం నూటొక్కేళ్ళు బతికి 2003 సెప్టెంబరులో పోయింది. ఆ తేదీ గుర్తుంచుకోండి, మళ్ళీ మన ఊరి సంగతిలో వస్తుంది.

ఇంతకీ మనవాళ్ళ బొమ్మ ఎందుకు లేదు? మన ప్రభుత్వానికి కెమెరాల్లేకనా? నా చిన్నతనంలో సినిమాకి ముందు న్యూస్ రీల్ వేసేవాళ్ళు, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నలుపూ తెలుపూ బొమ్మ, గంభీరమైన గొంతు, మంత్రిగారి రిబ్బను కత్తిరింపు, ఆనకట్ట, వరద. చివర్లో ఆటలు, అదీ ఒక్క నిమిషం. మగవాళ్ళు ఆ టైముకి బీడీకి బయటికి పోయేవాళ్ళు. హాలువాళ్ళు వద్దన్నా అది వెయ్యాల్సిందే, చట్టం. ఆ చట్టానికి మూలం తెల్లవాళ్ళది. రెండో ప్రపంచ యుద్ధంలో జనాన్ని తమవైపు తిప్పుకోవడానికి 1943లో ఇండియన్ న్యూస్ పెరేడ్ అని మొదలుపెట్టారు. 1946లో ఆ సరంజామా అంతా కట్టిపెట్టేశారు. మర్నాటేడు స్వాతంత్ర్యం వచ్చిన అర్ధరాత్రి మన ప్రభుత్వానికి సొంత సినిమా యూనిట్ లేదు! 1948లో ఫిల్మ్స్ డివిజన్ పెట్టుకున్నాక, వాళ్ళు విడిచిన చొక్కాయే ఉతుక్కుని మనం తొడుక్కున్నాం. ఆ ఫిల్మ్స్ డివిజన్ కూడా 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో కలిసిపోయింది.

అంటే కెమెరా ఉంది. అయితే అది ఆట కోసం రాలేదు, ఆట చూడ్డానికొచ్చిన పెద్దల కోసం వచ్చింది. 1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఏషియాడ్ జరిగింది. పదకొండు దేశాలు. కొత్తగా స్వతంత్రమైన దేశం, నెహ్రూగారు, తెల్ల పావురాల కాలం. ఫుట్‌బాల్ ఫైనల్లో రహీం జట్టు ఇరాన్‌ని 1-0తో ఓడించింది. మరుసటేడు హెల్సింకీలో, ఆ చలిలో, మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో చావుదెబ్బ తిన్నారు. 1956లో మెల్‌బోర్న్‌లో అదే జట్టు బూట్లు వేసుకుని ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డమీదే 4-2తో కొట్టి, ప్రపంచంలో నాలుగో స్థానం సంపాదించింది. ఇప్పుడు తల్చుకుంటే కలా నిజమా అనిపిస్తుంది.

ఆ మెల్‌బోర్న్ సంగతి వినండి. ఆటల హక్కులకి డబ్బు కట్టమని నిర్వాహకులూ, వార్తకి డబ్బేమిటని న్యూస్ రీల్ కంపెనీలూ టీవీ వాళ్ళూ పట్టుబట్టారు. బేరం తెగలేదు. పెద్ద పెద్ద కంపెనీలు అలిగి వెళ్ళిపోయాయి. ఒక ఫ్రెంచి బృందం సినిమా తీసింది గానీ, దాని చూపు దానిది. రహీం శిష్యులు జీవితంలో ఒక్కసారి ఆడిన ఆ ఆటలు, ప్రపంచపు కెమెరాలు అలిగి మొహం తిప్పుకున్న డిసెంబరులోనే పడ్డాయి. దురదృష్టానికి వేళాపాళా ఉండదంటారు గానీ, ఇది మరీ చూసుకుని వచ్చినట్టుంది.

జకార్తా ఇంకో కథ. సుకర్ణోకి 1962 ఏషియాడ్ అంటే తన దేశం ప్రపంచం ముందు తలెత్తుకునే పండగ. రష్యావాళ్ళ అప్పుతో లక్షమంది పట్టే స్టేడియం కట్టాడు. ఆ ఆటల కోసమే దేశానికి టెలివిజన్ తెచ్చాడు. 1962 ఆగస్టు 24న ప్రారంభోత్సవం చూపిస్తూనే వాళ్ళ ప్రభుత్వ టీవీ పుట్టింది. అయితే ఇజ్రాయెల్‌కీ తైవాన్‌కీ వీసాలివ్వలేదు. మన దేశానికి చెందిన ఒలింపిక్ పెద్ద సోంధీగారు, ఇది ఏషియాడ్ ఎలా అవుతుందని అడిగారు. అంతే, జనం మన రాయబార కార్యాలయం మీద పడ్డారు. ఆయన ఊరు విడిచి వెళ్ళాల్సొచ్చింది. ఆ కోపమంతా సెప్టెంబరు 4న ఫైనల్ ఆడుతున్న మన కుర్రాళ్ళ మీద కురిసింది. బంతి ముట్టుకుంటే చాలు లక్ష గొంతులు అరిచి గోలపెట్టాయి. అటు మన పక్షాన కేకలు వేసినవాళ్ళు, అంతకుముందు హాకీలో మనల్ని ఓడించిన పాకిస్తాన్ ఆటగాళ్ళేనని చెప్పుకుంటారు.

తలకి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్ ఒక గోలు, పీకే బెనర్జీ ఒక గోలు. దక్షిణ కొరియా మీద 2-1. ఆ జట్టులో గోలుకీపరు పీటర్ తంగరాజ్ మన ఊరివాడు, యూసుఫ్ ఖాన్ మన ఊరివాడు, తులసీదాస్ బలరాం సికిందరాబాదు పక్కన అమ్ముగూడ కుర్రాడు. రహీం ఒంట్లో అప్పటికే క్యాన్సరు. 1963 జూన్ 11న ఆయన పోయారు. ఏషియాడ్ ఫుట్‌బాల్లో మనకి మళ్ళీ బంగారం రాలేదు. బలరాం 2023 ఫిబ్రవరిలో పోయాడు. ఆ వార్త పేపర్లో చదివిన రోజున మామగారు మధ్యాహ్నం భోజనం చెయ్యలేదు. ఎందుకో నాకు సినిమా చూసేదాకా అర్థం కాలేదు.

సుకర్ణో టీవీకి వాళ్ళ దేశం గొప్ప కావాలి. వాళ్ళు తిట్టిపోసిన జట్టు గెలుపు దాచుకోవాల్సిన అవసరం ఎవరికుంటుంది? మనవాళ్ళకి ఉండాలి. రెండు నెలలు తిరక్కుండా చైనా యుద్ధం వచ్చిపడింది, దేశం ధ్యాసంతా సరిహద్దు మీదకి పోయింది.

డబ్బిచ్చిన వాడి మాట వినకుండా తీసినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. 1964 టోక్యో ఒలింపిక్స్‌ని కోన్ ఇచికావా సినిమా తీశాడు. యుద్ధంలో బూడిదైన జపాను మళ్ళీ లేచిందని చాటాలని వాళ్ళ ప్రభుత్వం ఉబలాటం. ఆయనేమో వానలో తడిసే ప్రేక్షకుల్నీ, చాద్ అనే కొత్త దేశం నుంచి వచ్చి భోజనశాలలో ఒంటరిగా తినే ఒక పరుగువాణ్ణీ చూపించాడు. ఇదేం రికార్డయ్యా అని మంత్రి మండిపడ్డాడు. అప్పుడు అడ్డం నిలబడింది ఎవరనుకున్నారు? హిదెకో తకామినె అనే సినిమా నటి. పేపరుకి రాసి, మంత్రితో మాట్లాడి, సినిమాని కాపాడింది. ఒక ఆడది హిట్లర్ కోసం తీసిన బొమ్మ గురించి అందరూ రాస్తారు. ఇంకో ఆడది మంత్రికి ఎదురెళ్ళి నిలబెట్టిన బొమ్మ గురించి మనం ఎక్కడా చదవం.

సరే, మన ఇంటి ముంగిటికి వద్దాం. 1982 ఢిల్లీ ఏషియాడ్‌తో రంగుల టీవీ, అప్పూ ఏనుగూ వచ్చాయి. ఆటలు ప్రారంభమైన నవంబరు 19 ఇందిరాగాంధీ పుట్టినరోజు. రెంటినీ ఒక గాటన కట్టడం లేదు సుమండీ, ఈ పుట్టినరోజుల సరదా చూసి నవ్వొచ్చి చెప్పాను, అంతే. జకార్తా లాగే మనకీ కొత్త టీవీ ఆటల చెయ్యి పట్టుకునే ఇంట్లోకి వచ్చింది.

మా మియాపూర్‌కి కూతవేటు దూరంలో గచ్చిబౌలి. నేను కొత్త కాపురానికి వచ్చినప్పుడు ఆల్విన్ కాలనీ దాటితే చీకటే. అలాంటి చోట, రాళ్ళగుట్టల మధ్య, 2002 జాతీయ క్రీడల కోసం పెద్ద స్టేడియం లేచింది. ఆ ఏడే హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకర్ బాలయోగిగారి పేరు పెట్టారు. 2003 అక్టోబరు 24 నుంచి అక్కడా ఊళ్ళో మిగతాచోట్లా ఆఫ్రో ఏషియన్ క్రీడలు జరిగాయి. లెనీ పోయి అప్పటికి నెలన్నర. తొంభై ఆరు దేశాలు, షేరూ అనే సింహం బొమ్మ, టీవీలో బాణసంచా. సైబరాబాదు అనే కొత్త ఊరుందని ప్రపంచానికి చూపించాలని అప్పటి ప్రభుత్వం తాపత్రయం. పదహారేళ్ళ సానియా మీర్జా నాలుగు బంగారు పతకాలు గెలిచింది. పతకాల పట్టీలో చైనా తర్వాత మనమే. ఆర్నెల్లు దాటేసరికి ఎన్నికల్లో ప్రభుత్వం పోయింది. రెండో ఆఫ్రో ఏషియన్ క్రీడలు ఎక్కడా జరగనేలేదు. ఆటగాళ్ళ కోసం కట్టిన టవరు 2020లో కరోనా ఆస్పత్రి అయింది.

ఆ రాత్రి ప్రారంభోత్సవం మా ఇంట్లో అందరం నోళ్ళు తెరుచుకుని చూశాం. నాకు గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు చెప్పాలి? మామగారు మాత్రం కాసేపు చూసి, "ఫుట్‌బాల్ ఎప్పుడు?" అని అడిగి పడుకున్నారు.

ఊరికి సింగారం చేసేటప్పుడు ఎవరిని చాటుకి నెడతారో ఇప్పుడూ చూస్తూనే ఉన్నాం. 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు మన ఊళ్ళో బిచ్చగాళ్ళని వీధుల్లోంచి తీసి జైలు ఆవరణల్లోని ఆశ్రమాలకి చేర్చారు. అదే రోజుల్లో మా మియాపూర్‌లో మెట్రో రైలు ప్రారంభం. కెమెరాలన్నీ మా వీధి చివరే! మా వాచ్‌మన్ కూతురు టీవీలో కనపడాలని తెల్లారుజామున లేచి తల దువ్వుకుంది. కనపడలేదు.

ఆ మెట్రోలోనే పోయిన ఆదివారం మామగారిని తీసుకెళ్ళాం. మియాపూర్‌లో ఎక్కితే మారకుండా అసెంబ్లీ స్టేషన్లో దిగొచ్చు. ఫతే మైదాన్ అంటే ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం. లోపలికి పోనిస్తారో లేదో అనుకున్నాం గానీ, పెద్దాయన్ని చూసి ఎవరో కుర్చీ కూడా వేశారు. ఆయన కూర్చోలేదు. కర్రతో చూపిస్తూ, గోడ ఎక్కిందెక్కడో, గోల్ పోస్టు ఎటుండేదో, బంతి ఎటునుంచి ఎటు పోయిందో చెప్పడం మొదలెట్టారు. మా అమ్మాయి ఫోను తీసి ఆయన్ని తియ్యబోయింది.

"నన్నెందుకు తీస్తవే? అటు తిప్పు" అన్నారు.

అటు ఖాళీ గడ్డి, ఖాళీ మెట్లు. అమ్మాయి నా మొహం చూసింది. తిప్పమన్నాను. ఆయన చెప్తూ పోయారు, అది తీస్తూ పోయింది. ఇరవై మూడు నిమిషాలు వచ్చింది.